పేరులేని రాయి

ఆంట్రిమ్ కొండలు

ఆర్చీ బావకు,

ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయడమేమనగా, ప్రసంగం నడుస్తుండగా పిప్పరమెంటు కొరకడం నేటితో మానేశాను.

ఇక అసలు సంగతి. మన ప్రెస్బిటేరియన్ చర్చి చరిత్ర రాస్తున్న పాస్టరుగారు, సమాధుల దొడ్డిలో పేరులేని రాయి ఎవరిదని అడిగారు. ఎవరిదో పసిబిడ్డదని మా తాత చెప్పేవాడన్నాను. ఆ అమాయకపు పాస్టరు అది రాసుకుని, ఆదివారం చర్చిలో అందరిముందూ చదివేశాడు.

ఎఫీ పిన్నికి పురిట్లో పోయిన బిడ్డను ఎక్కడ పాతిపెట్టాడో చెప్పకుండానే బాబాయి పోయాడు కదా. ఆమె నా చేతులు పట్టుకుని, "ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావురా, వెధవా? నన్నూ మా బుజ్జోడి పక్కనే పెట్టమంటాను" అని ఏడ్చింది. నా నోరు పడిపోను!

చర్చి సంఘపెద్దవి కదా, ఆ చోటు ఆమెకు ఇచ్చేముందు నువ్వే ఎలాగోలా ఆమెకు చెప్పు. నాకు ముఖం చెల్లడం లేదు. అది గుర్రం ఎక్కేందుకు వేసిన మెట్టురాయి. బిడ్డ సంగతి పూర్తిగా నేను కల్పించిందే.