కండెలు చుట్టిన చేతులు

ఎమ్మిగనూరు, ఫిబ్రవరి 20, మంగళవారం.

అమ్మా,
నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున్నే నాన్న నేస్తున్న మగ్గం ఆపి, పేపరు మళ్ళీ చదవమన్నాడు. ఇల్లు చూసుకునే ఆడమనిషి పని సంపాదించేవాళ్ళ పనికి తక్కువేం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందట. ఆ వాక్యం నోట్సులో రాసుకున్నాను.

"ఇది తెలుసుకునేకి ఢిల్లీ దాకా పోవల్లేమిరా? మేం నూలు కండెలు సుట్టకుంటే నీ మగ్గం యాడ ఆడతాది?" అని అవ్వ నాన్నను దెప్పింది.

నాన్న నవ్వలేదు. నా వైపు తిరిగి, "సర్కారోళ్ళు నేత కార్డులకు పేర్లు రాసుకునేకి వచ్చినప్పుడు, మీయమ్మకు పనేం లేదని నేనే సెప్పినాను" అన్నాడు.

రేపు పొద్దున వాళ్ళు మళ్ళీ వస్తారు. కాలేజీకి ఆలస్యమైనా సరే, అవ్వ పేరు, పక్కనే 'నేత పని' అని, నేనే దగ్గరుండి రాయిస్తాను.