మంచులో కొట్టిన డబ్బా

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. బాగేపల్లిలో అన్న తద్దినం పెడతాడు. నేను రాలేను, సముద్రం మీదున్నాను. బావి నీళ్లు తప్ప ఎరగని నీ కూతురు, మంగళూరు పెంకులు మోసే తెరచాప పడవలో మొగుడి వెంట బొంబాయి పోతోంది. నీ అల్లుడికి ఈ పడవలోనే పని.

ఈ పొద్దున బొంబాయి దగ్గరపడుతుండగా దట్టంగా మంచు కమ్మింది. గాలి పడిపోయి తెరచాప వేలాడింది, పడవ కదల్లేదు. ఎటునుంచో స్టీమరు కూత వినపడింది. రెండోసారి ఇంకా దగ్గరగా కూసింది.

నీ అల్లుడు కిరసనాయిలు డబ్బా, కట్టె నా చేతిలో పెట్టి, "కొట్టు! మనం ఈడ ఉండామని వాళ్లకు తెలియల్ల" అని అరిచాడు.

కొట్టాను నాయనా, శెనక్కాయ చేలో అడవిపందులను తోలడానికి కొట్టినట్టే. నువ్వు అవతలి గట్టుదాకా పోయి చూసి, "పోయినాయమ్మా, ఇంక చాలు" అని కేకేసేదాకా చేయి ఆపకూడదని కదా నేర్పావు.

మిద్దెకన్నా ఎత్తైన నల్లటి గోడ ఒకటి మంచులోంచి వచ్చి మా పక్కనే దాటిపోయింది. దాని అలకు పడవ లేచి పడింది.

"పోయిందిలే, ఇంక నిలుపు" అన్నాడు నీ అల్లుడు. నేను నిలపలేదు. చేయి పట్టుకుంటే విదిలించుకుని మరీ కొట్టాను.

అవతలి గట్టు నుంచి నీ కేక ఇంకా రాలేదు కదా.