ఏడు తప్పిన కాంతమ్మ

జనగామ,
9 ఆగస్టు 2023

ప్రియమైన చెల్లెలు కాంతమ్మకు,
అన్న రామలింగం ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ వదిన, మా అబ్బాయి జగదీష్ అందరం క్షేమం. నా చెవులు మాత్రం పూర్తిగా పోయాయి. మిషను పెట్టుకుంటే గుయ్యిమనే చప్పుడు తప్ప మాట వినపడదు. ఫోనులో అరవడం మానేసి ఉత్తరం రాశావు, అంతవరకు సంతోషం. కానీ అందులోని సంగతి మీ వదినకు కూడా చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అరవై ఒకటో ఏట నీకు పదో తరగతా? అదీ ఓపెన్ స్కూల్లోనా? నేను ముప్పై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. తలుపులు లేని కొట్టంలోకి మేకా వస్తుంది, బర్రే వస్తుంది. అక్కడ చెప్పేది వానాకాలం చదువు. పైగా ఏడో తరగతి తప్పినదానివి, పదో తరగతి ఎలా గట్టెక్కుతావు? ఈ మాట నేను కొత్తగా అనడం లేదు, మనవాళ్ళందరికీ తెలిసిందే.

బావ పోయి ఏడాది దాటింది. ఒంటరిగా ఉంటే మనసు ఇలాంటి పెడదారులే పడుతుంది. నీ కొడుకు వినయ్ భూపాలపల్లిలో బొగ్గుగని ఆఫీసులో ఉన్నాడు, పెద్ద క్వార్టరు ఇచ్చారు. వెళ్ళి వాడి దగ్గర ఉండు. మనవరాలు పూజకు జడలు వెయ్యి. నీ వయసుకు తగిన చదువు అది.

నీ మేలు కోరే అన్న,
రామలింగం


మహబూబాబాద్,
20 ఆగస్టు 2023

ప్రియమైన అన్నకు,
నీ చెల్లె కాంతమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. వదినతోని కలిసి నవ్వుకున్ననని రాసినవ్. మీరిద్దరు కలిసి నవ్వి ఎన్నేండ్లాయెనో, నా పుణ్యాన నవ్విండ్రు. మంచిదే.

మా క్లాసు ఆదివారం నడుస్తది. ఇరవై ముగ్గురం. బెంచీలు చిన్నపిల్లలయి, కూసుంటె మోకాళ్ళు ఇరుక్కుంటయి. నా పక్కన రాజీ అని నర్సింహులపేట దిక్కు తండా ఆమె. నలభై ఏడేండ్లు. ఇంట్ల లంబాడీ మాట్లాడుతది, తెలుగు పాఠం మాత్రం పొలం అవతలి గట్టుకు వినపడేటట్టు చదువుతది. ఆటో ఎక్కి, బస్సు మారి వస్తది, ఒక్క వారం తప్పలే. చెప్పే సంగీత మేడం నా కోడలికన్న చిన్నది. తప్పు చెప్తె ఏమనదు, "మళ్ళ చూడండమ్మా" అంటది. నువ్వు బెత్తం పట్టుకొని చెప్పినవ్ గద, నీకు గిది ఎట్ల తెలుస్తది?

మీ బావ పోయినంక దినానికి పది మాటలు గూడ మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడు మాట్లాడుడే సరిపోతలేదు. మొన్న దవాఖానకు పోతే రిపోర్టుల ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని, "ఇదేంది సార్" అని అడిగిన. మూడేండ్ల సంది చూస్తున్న డాక్టరు మొదటిసారి నా మొఖం చూసి చెప్పిండు.

ఏడు తప్పిన సంగతి నువ్వు యాది చెయ్యనక్కర లేదన్నా. మా అత్త చచ్చేదాక నన్ను పేరుపెట్టి పిలువలే, "ఏడు తప్పింది ఏది?" అనేది. వినయ్ పదోతరగతిల ఉన్నప్పుడు చదువుకోరా అంటే "నీకేం తెల్సు, ఏడు తప్పినదానివి" అన్నడు. గది మర్చిపోయే మాట కాదు.

పుట్టిన తేదీ కాయితం అడుగుతున్నరు. స్టేషన్ ఘన్‌పూర్ల మన బడికి పోయి పాత రికార్డు అడుగుదామనుకుంటున్న.

వదినను అడిగిన్నని చెప్పు.

నీ చెల్లె,
కాంతమ్మ


జనగామ,
24 ఆగస్టు 2023

ప్రియమైన కాంతమ్మకు, ఆశీస్సులు.

వెంటనే రాస్తున్నాను. ఘన్‌పూర్ వెళ్ళవద్దు. ఆ రిజిస్టర్లు ఎప్పుడో చెదలు తినేసి ఉంటాయి. ఉన్నా నీకోసం ఎవరు వెతుకుతారు? తెల్లజుట్టుతో వెళ్ళి "నేను ఏడు తప్పాను, కాగితం ఇవ్వండి" అంటే అటెండరు కూడా నవ్వుతాడు. నీ పరువు సంగతి అటుంచు, ఆ ఊళ్ళో నాకు శిష్యులున్నారు.

ఆధార్ కార్డు సరిపోతుంది. కాదంటే ఇక్కడ నోటరీ దగ్గర నేనే అఫిడవిట్ రాయించి రిజిస్టరు పోస్టులో పంపుతాను. నువ్వు కాలు కదపనక్కర లేదు.

అసలీ తాపత్రయమంతా దేనికి? పదో తరగతి ప్యాసై ఎక్కడ ఉద్యోగం చేస్తావు?

అన్న,
రామలింగం


మహబూబాబాద్,
12 సెప్టెంబర్ 2023

అన్నకు,

పోయిన సోమవారం ఘన్‌పూర్ పోయిన. రిజిస్టర్లకు చెదలు పట్టలే. పెద్దమేడం మంచామె. అటెండరుతోని పాత బీరువా తీయించి, దుమ్ము తుడిపిచ్చి, నా ముందట పెట్టింది. 1975.

ఏడో తరగతి పరీక్ష. లక్ష్మీకాంతమ్మ. ప్యాసు. బడిల మొదటి స్థానం.

నేను వేరే లక్ష్మీకాంతమ్మ అనుకున్న. బాపు పేరు చూసిన, ఊరు చూసిన. నేనే. పెద్దమేడం ఇంకో రిజిస్టరు తెరిచి, బడి విడిచిపెట్టినోళ్ళ పేర్లు చూపెట్టింది. కారణం కాడ "చదువు మీద ఆసక్తి లేదు" అని ఉన్నది. కింద "రామలింగం, అన్న" అని సంతకం. కారణం గూడ నీ రాతనే. ముప్పై ఉత్తరాలు చదివినదాన్ని, నీ రాత గుర్తువట్టనా?

ఆ మేడం నన్ను అడిగింది. "ఫస్టు వచ్చిండ్రు గదమ్మా, ఎందుకు మానేసిండ్రు?"

ఏం చెప్పాలె అన్నా? నాకు తెల్వదని చెప్పిన. బస్టాండు దాక నడిచి వచ్చి కూసున్న. రెండు బస్సులు పోయినయి, ఎక్కబుద్ధి కాలే.

ఎందుకు రాసినవ్?

లక్ష్మీకాంతమ్మ


మహబూబాబాద్,
15 డిసెంబర్ 2023

అన్నకు,

మూడు నెలలాయె. మా ఆదివారం క్లాసుల రాజీ గూడ పది వాక్యాల ఉత్తరం రాస్తున్నది. తెలుగు పండితునికి ఒక్క వాక్యం దొరుకుతలేదా?

లక్ష్మీకాంతమ్మ


జనగామ,
6 జనవరి 2024

చెల్లే కాంతమ్మా,

నాలుగుసార్లు రాసి చింపిన. పిల్లలకు నేర్పిన భాషల రాస్తుంటె అబద్ధమే వస్తున్నది. అందుకే మనింట్ల మాట్లాడినట్టు రాస్తున్న.

ఆ ఏడాది నేను పదో తరగతి తప్పిన. గది నీకు ఎరుకే. బాపు దుకాణం ముందట, బజారంత చూస్తుండంగ తక్కెడ తాడుతోని కొట్టిండు. వారానికి నీ ఫలితం వచ్చింది. చూసి రమ్మని బాపు నన్నే తోలిండు. బడి గోడకు అతికిచ్చిన కాయితంల నీ పేరు అన్నిటికన్న పైన ఉన్నది. పెద్దసారు నన్ను చూసి, "మీ ఇంట్ల ఒక్కరన్న అక్కెరకొచ్చిండ్రు" అన్నడు.

అబద్ధం చెప్పాలని దారిల అనుకోలే. దుకాణం ఎక్కంగనే బాపు "ఏమాయెరా" అన్నడు. "తప్పింది" అన్న. నువ్వు తలుపు చాటున ఉన్నవ్. ఏడ్వలే. లోపటికి పోయినవ్.

తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారేసరికి బాపు, "ఆడపిల్లకు గింత చాలు, బడి బందు పెట్టిచ్చి కాయితం తీసుకరా" అన్నడు. పెద్దసారు ఎన్నడన్న బాపుకు చెప్తడేమోనని ఉరికి పోయి సంతకం పెట్టిన. ప్యాసని రాసి ఉన్న ఆ కాయితం కాల్చేసిన. ఆ దినం మనింట్ల నా గురించి ఎవ్వరు మాట్లాడలే. నాకు నిమ్మళమైంది చెల్లే. ఎన్ని తీర్ల రాసి చూసినా అదే నిజం. నిమ్మళమైంది.

తర్వాత నేను మళ్ళ రాసి ప్యాసైన, పంతులునైన. ఎవరి బిడ్డ బడి మానేసినా ఆ ఇంటికి పోయి తండ్రిని తిట్టిన. ఆ సంది నువ్వు ఎదురుపడ్డప్పుడల్ల నిన్ను తక్కువ చేసి మాట్లాడిన. నువ్వు నిజంగనే తెలివి తక్కువదానివైతే నాది పెద్ద తప్పు కాదు గద.

ఓపెన్ స్కూల్ సంగతి వదినకు చూపెట్టి నవ్వినమని రాసిన. చూపెట్టలే. ఎవ్వరు నవ్వలే. భయపడ్డ.

రామలింగం


మహబూబాబాద్,
2 ఫిబ్రవరి 2024

అన్నకు,

క్షమించుమని అడగలే, తెలివైన పని చేసినవ్. అడిగితే ఈ ఉత్తరం గూడ వచ్చేది కాదు.

పదిహేడేండ్ల పిలగాడు దెబ్బలు తిని భయంల అబద్ధమాడిండు. వాన్ని చూస్తె నాకు జాలే అయితది. కాని నలభై తొమ్మిదేండ్లు ఆ అబద్ధం మీద పీట ఏసుకొని కూసున్నోడు వాడు కాదు. వాడు పెద్దమనిషి, పంతులు. నా పెండ్లి చూపులల్ల "ఏడు తప్పింది గాని ఇంటి పని మస్తు వచ్చు" అని చెప్పింది గూడ ఆయననే. ఆయనంటె నాకు అసహ్యం. మా అన్న పంతులని ఇన్నేండ్లు గొప్పగ చెప్పుకున్న నా మీద గూడ అసహ్యమైతున్నది.

నన్ను ఆ మాట అన్నోళ్ళల్ల నలుగురు బతికున్నరు. వదిన, జగదీష్, మన చిన్నమ్మ బుచ్చమ్మ, నా కొడుకు వినయ్. నలుగురికి నువ్వే చెప్పు. మొఖం చూసి, నోటితోని చెప్పు. ఉత్తరం రాయకు. ఉత్తరాలు నువ్వు మస్తు చక్కగ రాస్తవ్.

గప్పటిదాక నాకు రాయకు. ఏప్రిల్ ఆఖరుల పరీక్షలున్నయి, చదువుకోవాలె.

లక్ష్మీకాంతమ్మ


జనగామ,
3 ఏప్రిల్ 2024

చెల్లే,

చెప్పిన. నలుగురికి చెప్పిన.

మొదలు వదినకు. ఆమె వారం దినాలు నాతోని మాట్లాడలే. చెవిటోనికి ఏం తెలుస్తదనుకుంటవేమో, తెలుస్తది. జగదీష్ తల వంచుకొని లేచిపోయిండు. బుచ్చమ్మ చిన్నమ్మ మంచంల ఉన్నది. రెండుసార్లు చెప్పిచ్చుకొని, నా మొఖం మీద ఉమ్మినంత పని చేసింది. తొంభైల పడ్డ మనిషి, చేతులల్ల బలం లేక బతికిపోయిన.

ఆఖరికి భూపాలపల్లి. హనుమకొండల బస్సు మారి, కండక్టరు చెప్పేది వినపడక ఒక స్టేజీ ముందే దిగి, ఎండల నడుచుకుంట పోయిన. వినయ్ భోజనానికి ఇంటికి వచ్చి ఉన్నడు. వాని ముందట కూసొని మొత్తం చెప్పిన. వాని పెదవులు కదిలినయి గాని నాకు వినపడలే. రాయిరా అన్న. కరెంటు బిల్లు వెనుక ఒకటే మాట రాసి నా చేతుల పెట్టిండు.

"నేను గూడ ఆ మాట అన్న మామా."

అన్నం సగంల ఇడిసిపెట్టి లేచి చెయ్యి కడుక్కున్నడు. సాయంత్రం బస్సుకు నీ దగ్గరికి వస్తున్నడని కోడలు సైగ చేసి చెప్పింది.

పూజ అంత విన్నది. ఆ పిల్ల గూడ కాయితం తీసుకొని రాసింది. "నానమ్మ చదువు ఆపకుంటే ఏమయ్యేది తాతా?" ముప్పై నాలుగేండ్లు పిల్లలు అడిగినదానికల్ల జవాబు చెప్పిన. దీనికి రాలే. నీకు తెలిస్తె ఆ పిల్లకు చెప్పు.

పరీక్షలు మంచిగ రాయి.

రామలింగం


మహబూబాబాద్,
8 జూలై 2024

అన్నకు, నీ చెల్లె రాసేది.

ఫలితాలు వచ్చినయి. ప్యాసైన. ఈసారి నేనే పోయి, నా కండ్లతోని చూసుకున్న. తెలుగుల డెబ్బై ఆరు, లెక్కలల్ల నలభై ఒకటి. రాజీకి లెక్కలు పోయినయి. "అక్టోబరుల మళ్ళ రాస్త, లెక్కలు ఎక్కడికి పోతయి" అని అంతల్నే తేల్చేసింది. బుధవారం మా ఇంటికి వస్తున్నది, నేను చెప్తున్న.

వినయ్ వచ్చి గడపల నిలబడితే లోపటికి రమ్మన్న. రెండు దినాలు ఉన్నడు. లెక్కల పుస్తకం ముందటేసుకొని నాకు త్రికోణమితి చెప్పబోయిండు. వాడు అంత మర్చిపోయిండు. నేనే చెప్పిన, వాడు విన్నడు. పోయేటప్పుడు నా కాళ్ళు మొక్కిండు. చిన్నప్పటి సంది పండుగకు గూడ మొక్కినోడు కాదు.

పూజకు జవాబు నేనే రాసిన. ఏమయ్యేదాన్నో తెల్వదు బిడ్డా అని రాసిన. టీచరమ్మనైదునో, ఏం గాకపోదునో. గది మీ తాత తీసుకపోయిండు, మళ్ళ తెచ్చియ్యలేడు. ఆ పిల్లకు అబద్ధం చెప్పదలుచుకోలే.

నువ్వు రావద్దని నేను అనను. ఆదివారం పది గంటలకు క్లాసు. మనం మాట్లాడితే సెల్‌ఫోన్ల అక్షరాలు పడేటట్టు చేసుకునుడు సంగీత మేడం నేర్పుతది. రాజీకి పావుగంటల వచ్చింది. నీకు నాలుగు ఆదివారాలు పట్టొచ్చు, నేర్పిచ్చుకునుడు నీకు అలవాటు లేదు గద.

కోపం పోయిందా అని వదిన ఫోన్ల అడిగింది. పోలే. పొద్దున లేవంగనే చూసుకుంట, ఉంటది. పుస్తకం ముందటేసుకున్న రెండు గంటలు మాత్రం దానికి కూసునే జాగ దొరకదు. గందుకే ఇంటర్ల చేరిన.

నీ చెల్లె,
లక్ష్మీకాంతమ్మ