అటక మీద నూలు

బాపూ,

మా గైడ్ సార్ ఫోన్ చేసి ఇయ్యాల్నే రమ్మన్నడు. మీరు పెండ్లి నుంచి వచ్చేదాక ఆగితే బస్సు దొరకదు, పోతున్న. పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకోండ్రి. అమ్మ బీపీ గోలి మర్చిపోతది, జర నువ్వే యాదిచెయ్యి.

ఇంకో మాట. థీసిస్ రాసుకుంటనని వచ్చి పది రోజులున్న. పది రోజులు మగ్గం సప్పుడే లేదు. సగం నేసిన చీర గట్లనే ఉంది. అడిగితే నూలు రాలేదన్నవు. అమ్మ గూడ గదే చెప్పింది. ఇప్పుడు బ్యాగు కోసం అటక ఎక్కితే నూలు కట్టలు కనబడ్డయి, పైన పాత దుప్పటి కప్పి ఉంది. సప్పుడైతే నా రాత చెడుతదనే గద దాచిండ్రు?

ముందుగాల కోపమొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

బాపూ, నేను అక్షరాలు దిద్దిందే మగ్గం పక్కన కూసొని. ఎమ్మెస్సీ దాక గా సప్పుడులనే చదివిన. హాస్టల్ల గా సప్పుడు లేక ఒక్క పేజీ కదలకనే ఇంటికొచ్చిన. వస్తే నువ్వు ఇంట్ల గూడ బంద్ చేసి కూసున్నవు!

నాకు ఇరవై ఏడేండ్లు. ఇంకెన్నేండ్లు చదువుతదని వాడకట్టంత అడుగుతది. మీరిద్దరు ఒక్కనాడు అడగలే. గది నేను మర్చిపోను.

నూలు కిందికి దించిన. అమ్మ లెక్కనే నాలుగు కండెలు చుట్టి గంపల పెట్టిన. వదులుగున్నయి నేను చుట్టినయే, అమ్మను అనకు.

నీ రోజ

మర్చిపోయిన: రేపు పొద్దుగాల ఫోన్ చేస్త. ఏం మాట్లాడకు. ఫోన్ మగ్గం మీద పెట్టి నేసుకుంట ఉండు. నేను అక్కడ రాసుకుంట ఉంట.