గుంట పడిన నూరుడు రాయి

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన నూరుడు రాయిని చదును చేశాను. తిట్టుకుంటే తిట్టుకో. నాన్న నాటి రాయి, నడుమ గుంట పడింది, మంగలికత్తి అంచు సమంగా ఆనడం లేదని నేనెంత మొత్తుకున్నా వినలేదు. "అరగదీస్తే ఇంకేం మిగులుద్దిరా?" అని దాన్ని ముట్టనిచ్చేవాడివి కాదు.

పొద్దున్నే కొట్టు ముందు కూర్చుని, ఎక్కడ అరిగిందో, ఎక్కడ అరగలేదో తెలిసేలా రాయంతా బొగ్గుతో గీతలు గీసి, మాచర్ల నాపబండ మీద ఇసకా నీళ్లూ పోసి రుద్దాను. అంచుల్లో గీతలు ఇట్టే పోయాయి. నడుమవి పోవే! చేతులు బొబ్బలెక్కాక అవీ పోయాయి. కత్తి నూరి ముంజేతికి ఆనిస్తే వెంట్రుకలు జలజలా రాలాయి.

నువ్వున్నన్నాళ్లూ నీ చేతే గడ్డం గీయించుకుని, నువ్వు పోయాక ఇటు రాని కోటయ్య బాబాయి ఇవాళ వచ్చి కూర్చున్నాడు. ఒక చెంప అయ్యిందో లేదో, "ఏందిరా, కత్తి ఆనినట్టే లేదు! మీ అన్న గీస్తుంటే చానా పీకేది, కళ్లెమ్మట నీళ్లొచ్చేయి. మంచోడు గదా అని నోరెత్తలా," అన్నాడు.

నేను నీతో రోజూ పోట్లాడిన మాటే అది. ఆయన నోట వినేసరికి ఒళ్లు మండింది.

"లే బాబాయ్. రెండో చెంప పేటలో ఇంకెక్కడన్నా గీయించుకో," అన్నాను.

"సగం గడ్డంతో బజార్లో ఎట్టా నడవాల్రా?" అని ఆయన కుర్చీ వదల్లేదు.

గీశాను. కత్తి గొంతు దగ్గరున్నంతసేపూ నీ గురించి ఇంకొక్క మాట అననివ్వలేదు.