అయిదో తాళం

బాబాయ్ గారికి,

మీరు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. కాలి కట్టు ఇంకా విప్పలేదుగా, మంచం దిగకండి.

ఫ్యాక్టరీ కప్పు మీద సోలార్ ప్యానెళ్ల పని మధ్యాహ్నానికి పూర్తయింది. మీరు నేర్పినట్టే, పైకెక్కే ముందు, మేం పైనుండగా ఎవరూ స్విచ్ వెయ్యకుండా, నలుగురమూ మెయిన్ స్విచ్‌కి ఎవరి తాళం వాళ్లం వేసుకున్నాం. దిగాక ఎవరిది వాళ్లం తీసుకున్నాం. అయినా ఒక తాళం మిగిలింది. దానికి కట్టిన చీటీ మీద మీ చేతిరాత: "పైన నేనున్నాను. కరెంటు ఇవ్వొద్దు." వేలు తగిలితే సిరా అంటుకుంది.

మేనేజరు ఒకటే గోల. "మీ బాబాయి మంచంలో ఉంటే పైన దయ్యముందా అమ్మాయ్? మెషిన్లన్నీ ఆగిపోయాయి. కోసి పారెయ్!"

కట్టరు చేతిలోకి తీసుకున్నాను. కానీ స్విచ్ వేశాక వైర్ల మీద చెయ్యి ఉన్న మనిషి బతకడు కదా అని, ముందు పైకెక్కి చూశాను. ఎవరూ లేరు. చివరి వరుస ప్యానెళ్ల కింద నుంచి మాత్రం, "ఉండమ్మా, అయిపోవచ్చింది" అని మీ గొంతు వినిపించింది.

మీరు ఇంట్లోనే ఉన్నారని పిన్ని చేత ఒక్క ముక్క రాయించి పంపండి. అందాకా ఎవరూ కరెంటు ఇవ్వకుండా, మీ తాళం పక్కనే నా తాళం కూడా వేశాను.

మీ అన్న కూతురు