షెడ్డు నీడలో పూలు

లిపోవా,
ఏప్రిల్

బ్లజెనక్కా,

నీ ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలోకి వేసవి చివరికి వచ్చేస్తానన్నాను కదా, ఆ మాట మీదే ఉన్నాను. కారణం మాత్రం నీకు పూర్తిగా చెప్పలేదు. మా ఆయన రాదిమ్ పోయాడనే కాదు. ఆయన పోయిన ఏడాదే నా మరిది ఓతకార్ మా రెండు పెరళ్ళ మధ్య ఎత్తుగా షెడ్డు కట్టాడు చూడు, అందుకు. అన్నతో కలిసి నా చేతి వంట తిన్న మనిషి, నన్ను ఒక్క మాట అడగకుండా నా పెరటికి ఎండ లేకుండా చేశాడు. టమాటాలు పోయాయి, స్ట్రాబెర్రీలు పోయాయి. ఎందుకు కట్టావని నేను అడగలేదు, అతను చెప్పలేదు. మూడేళ్ళుగా మాటల్లేవు.

ఇప్పుడొక వింత. షెడ్డు గోడ వెంబడి, గడ్డి కూడా మొలవని చోట, ప్లిత్స్‌నీక్ పూసింది. మనకు దగ్గొస్తే అమ్మ కషాయం కాచేదే, ఆకుల మీద పాలు చిలకరించినట్టు తెల్లమచ్చలుంటాయి, ఆ మొక్క. పూలు గులాబీ రంగులో విచ్చుకుని తర్వాత నీలమైపోతున్నాయి. ఒకే కాడ మీద రెండు రంగులూ. నేను నాటలేదు. ఈ వీధిలో ఈ మొక్క ఓతకార్ పెరట్లో తప్ప ఇంకెక్కడా లేదు. మరి ఇవతలికి ఎలా వచ్చింది?

నీ చెల్లెలు,
వెందులా

లిపోవా,
మే చివర

అక్కా,

నీ జాబు చూసి నవ్వుకున్నాను. "దొంగతనంగా పూలు నాటే మరిది ఉంటే నాకూ పంపించు" అన్నావు. నాకూ అదే అనుమానం. మెట్ల పక్కన ఇంకో రెండు దుబ్బులు కనిపించాయి. రెండు పెరళ్ళ మధ్యనున్న తలుపుకు గడియ లేదు. నేను దుకాణానికి వెళ్ళినప్పుడు వచ్చి నాటుతున్నాడేమో. నోరు తెరిచి క్షమించమనలేక ఇలా చేస్తున్నాడేమో.

అలా అనుకున్న దగ్గర్నుంచి ఆ మొక్కల మీద మమకారం పుట్టింది. కుళ్ళిన ఆకులు తెచ్చి మొదళ్ళలో వేశాను. అవి ఎండను ఓర్చుకోలేవు, దాహాన్ని అసలే ఓర్చుకోలేవు. మట్టి ఆరితే మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తాయి, నీళ్ళు పోస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటాయి.

నిన్న గసగసాలు కూరిన తీపి రొట్టెలు, కొలాచ్‌లు చేసి, పళ్ళెం పట్టుకుని వాళ్ళ తలుపు తట్టాను. ఓతకార్ నన్నూ పళ్ళేన్నీ మార్చి మార్చి చూశాడు.

"పూలకి," అన్నాను.

"ఏ పూలు?"

"మా గోడవార నువ్వు నాటినవి."

"నేనా? నీకు మొహం చూపించడానికే జంకుతున్నవాణ్ణి, మీ పెరట్లోకొచ్చి పూలు నాటుతానా వదినా? నా మొక్కలు తరిగిపోతుంటే నువ్వే పీక్కుపోతున్నావనుకున్నా."

పళ్ళెం అతని చేతిలో పెట్టి వచ్చేశాను. దారిలో చెవులు కాలిపోయాయి. వచ్చే నెలలోనే వచ్చేస్తాను, గది దులిపించి ఉంచు.

వెందులా

లిపోవా,
జూన్

అక్కా,

గది దులిపించకు. మొదటి నుంచీ చెబుతాను.

పళ్ళెం తిరిగివ్వడానికి ఓతకార్ వచ్చాడు. వెళ్ళిపోకుండా గోడవార మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దొంగ దొరికాడు, రా," అన్నాడు. నేనూ వంగి చూశాను. షెడ్డు అడుగున సందులోంచి చీమలు వస్తున్నాయి, ఒక్కోటి ఒక్కో నల్లటి గింజను మోసుకుని. గింజ కొసన తెల్లగా కొంచెం కండ ఉంది. చీమలకు కావలసింది అదేనట. అది తిని గింజను పారేస్తాయి. గోడకు అవతల మధ్యాహ్నమంతా ఎండే, అక్కడివి మాడిపోతున్నాయి. ఇవతల పడ్డవి బతికాయి.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, చీమలు తిండి మోసుకున్నాయి, అంతే.

"మరి షెడ్డు ఎందుకు కట్టావు?" అని అప్పుడు అడిగాను.

అతను చీమల మీంచి చూపు తిప్పలేదు. "తలెత్తితే మీ వంటింటి కిటికీ కనపడేది వదినా. పొద్దున్నే కాఫీ కప్పుతో అన్నయ్య అక్కడే కూర్చునేవాడు. ఖాళీ కిటికీ చూళ్ళేకపోయా. నీ టమాటాల సంగతి నాకు తట్టలేదు. తట్టాక వచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఆ మనిషికీ రాదిమ్ పోయాడన్న సంగతి ఈ మూడేళ్ళలో నాకు ఒక్కసారీ తోచలేదక్కా.

కాసేపటికి, "నావి ఎలాగూ పోతున్నాయి, ఒక దుబ్బు ఇస్తావా?" అన్నాడు.

"నాటడానికి నీకు నీడెక్కడ మిగిలింది ఓతకార్? ఉన్నదంతా నాకే ఇచ్చేశావుగా," అన్నాను. మొదట కంగుతిన్నాడు, తర్వాత నవ్వాడు. రాదిమ్ నవ్వే ఇది, ముక్కులోంచి.

షెడ్డు అలాగే ఉంటుంది. అతని పెరట్లో రేగు చెట్టు కింద కొంచెం చోటుందట. చినుకులు పడగానే దుబ్బులు విడదీసి అక్కడ నాటాలట. ఒకరు వేళ్ళు పట్టుకోవాలి, ఒకరు పారతో చీల్చాలి, ఇద్దరు లేకపోతే కుదరదన్నాడు. ఆ పనికి ఒక్కరు చాలని నాకు తెలుసు. చెప్పలేదు.

నీ చెల్లెలు,
వెందులా